కోడెలను కాడికి మరపుట: భయమా? మచ్చికయా?

దుక్కి పని నేడు చాలవరకు ట్రాక్టరు చేతికి పోయినది. అయినను మిరప, పత్తి చేలలో సాళ్ళ నడుమ గుంటక తోలవలసి వచ్చినప్పుడు నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల రైతు మంచి ఎద్దుల జత కొరకు వెదకుచునే ఉన్నాడు. మొక్కను తొక్కక, సాలు తప్పక, చేని చివర చెప్పినట్లు తిరిగెడి ఎద్దే ఈ పనికి అక్కరకు వచ్చును. కోడె ప్రాయమున దానిని మరపిన తీరును బట్టి అది అట్లు తయారగును. ఎట్లు మరపవలెనను విషయమున మాత్రము రైతులలో ఏకాభిప్రాయము లేదు.

కోడెకు మొదటి దినముననే మనిషి భయము తెలియవలెనని కొందరు పెద్దల అభిప్రాయము. ఈ మాట అనువారిని క్రూరులని తలచరాదు. ఒంగోలు జాతి కోడె మూడేళ్ళు నిండునప్పటికి మనిషికి నాలుగైదు రెట్లు బరువు తూగును. అది ఒకసారి పలుపు తెంపుకొని పారిపోయి, తన బలము తాను గ్రహించినచో, ఇంటిలోని ఆడవారు, పిల్లలు దాని గాటి దగ్గరకు పోవుటకే జంకుదురు. పైగా వాన పడిన నాలుగు దినములలో అదను దాటిపోవును. బుజ్జగించుచు కూర్చుండుటకు తీరిక ఏదని వీరి ప్రశ్న. కావున ముల్లుకర్ర, చర్నాకోల వీరి చేతిలో ఎప్పుడును ఉండును. కదలని కోడెకు తోక మెలిపెట్టుదురు.

దూడనాటి నుండి చేయి వేసి నిమిరి, పేరు పెట్టి పిలిచి మచ్చిక చేయవలెనని రెండవ పక్షమువారందురు. దెబ్బలతో మరపిన ఎద్దు కర్ర కనబడినంత సేపే పని చేయుననియు, బెదరినప్పుడు బండితో సహా గట్టు దిగిపోవుననియు వీరు చెప్పుదురు.

గుఱ్ఱముల విషయమున ఇదే తగవు అమెరికాలో చాలకాలముగా సాగుచున్నది. అక్కడ పశువుల మందలు కాయు రౌతులు అడవి గుఱ్ఱమును కట్టివేసి, అది లొంగువరకు స్వారి చేసి మరపెడివారు. టామ్ డోరెన్స్ (1910–2003), ఆయన వద్ద నేర్చిన రే హంట్ మొదలగువారు అట్లు గాక, గుఱ్ఱము స్వభావమును కనిపెట్టి మెలగవలెనని బోధించిరి. 1996లో మాంటీ రాబర్ట్స్ వ్రాసిన పుస్తకముతో ఈ సహజ పద్ధతి పెక్కు దేశములకు తెలిసినది. దీనిపై ఆక్షేపణలును లేకపోలేదు. గుండ్రని దొడ్డిలో గుఱ్ఱమును మరల మరల తరిమి, చివరకది మనిషి వెంట నడచినప్పుడు దానిని స్నేహమనుట సరికాదనియు, అదియు ఒత్తిడియే గాని పేరు మాత్రము తీయగా ఉన్నదనియు కొందరి వాదన. ఈ ఆక్షేపణలో సత్యము కలదు. మన కోడెలకును పనికివచ్చు విషయము ఇక్కడనే ఉన్నది.

ఏమి చేసిన వెంటనే తనకు సుఖము కలిగినదో పశువు దానిని గుర్తు పెట్టుకొనును. పగ్గము కొద్దిగా లాగినప్పుడు ముకుతాడు ఒత్తును. కోడె ఒక అడుగు అటు తిరిగిన క్షణముననే పగ్గము వదలినచో, తిరిగినందున ఒత్తిడి పోయినదని దానికి తెలియును. రెండు అడుగులు, నాలుగు అడుగులు పోయినను లాగుచునే ఉన్నచో దానికి తెలియునది ఏమియు లేదు. కఠిన పక్షమువారు పొరబడునది ఇక్కడనే. కోడె కదలిన తరువాత కూడ ముల్లు గ్రుచ్చుట మానరు. నడచినను నొప్పియే, నిలిచినను నొప్పియే అయినప్పుడు అది పరుగెత్తును, లేదా పడుకొనును.

మచ్చిక పక్షమువారు వేరొక విధముగా పొరబడుదురు. కోడె కాడి క్రింద పడుకొనగానే జాలిపడి, కాడి దించి, పచ్చిగడ్డి వేయుదురు. పడుకొన్న పని పోవునని దానికి వారే నేర్పినవారగుదురు. అట్టి ఎద్దుకు మొండిదని పేరు వచ్చును, సంతలో సగము ధరకు పోవును. దానికి బదులు కొని తెచ్చినదియు మరొకరు మొండిదని అమ్మినదే కావచ్చును.

కావున కోడె రెండున్నర, మూడేళ్ళ ప్రాయమునకు వచ్చినప్పుడు పని తెలిసిన, నెమ్మదియైన ముసలి ఎద్దును దానికి జత చేయవలెను. దాపట నడువవలసిన కోడెను మొదటి నుండియు దాపటనే కట్టుట మేలు. మొదట కొన్ని దినములు ఉత్త కాడితో నడిపించి, పిదప చిన్న మొద్దు లాగించి, ఆపైన ఖాళీ చేనిలో గుంటక తోలవలెను. పైరు సాళ్ళలోనికి దింపుట తరువాతి మాట. లారీలు తిరుగు రోడ్డుపై బండికి కట్టుట అన్నిటికన్న చివర. ఒక్కొక్క పూట పదిహేను, ఇరువది నిమిషములు చాలును. కోడె చక్కగా నడచుచున్నప్పుడే ఆపి కాడి దింపవలెను. అలసి మొరాయించు వరకు ఆగరాదు. ముందు మాటతో అదిలించి, కదలనిచో అప్పుడు పగ్గము ఆడించవలెను. తండ్రి ఒక మాటతోను, కొడుకు వేరొక మాటతోను ఆపుచున్నచో కోడెది తప్పు కాదు.

పశువు కండ్లు తలకు ఇరుప్రక్కల ఉండుటచే సరిగా వెనుక నిలిచిన మనిషి దానికి కనబడడు. చాటుగా వెనుక నుండి పోయినవాడు తన్ను తినును. భుజమునకు కొంచెము వెనుక ప్రక్కన నిలిచి దగ్గరకు జరిగినచో కోడె ముందుకు పోవును. భుజము దాటి తల వైపు జరిగినచో ఆగును. కర్ర అక్కరలేకయే ఇంత పని జరుగును.

నిన్నటి వరకు నడచిన కోడె నేడు నిలిచినచో, కర్ర తీయుటకు ముందు మెడపై చేయి వేసి చూడవలెను. కాడి ఒరిపిడికి వాపు గాని పుండు గాని ఉన్నదేమో, ముకుతాడు రంధ్రము చీము పట్టినదేమో, గిట్టల నడుమ రాయి ఇరికినదేమో చూడవలెను. నొప్పితో ఆగిన పశువును కొట్టినచో కాడి అన్ననే దానికి బెదురు పట్టును. తోక మెలిపెట్టుటవలన తోక ఎముకలు విరుగుటయు కలదు.

తిరునాళ్ళలో బండలాగుడు పందెములు చూచి, అట్లే కొట్టి తోలవలెనని కుఱ్ఱవాండ్రు అనుకొందురు. పందెమున ఎద్దు కొద్ది నిమిషములు మాత్రమే లాగును. మిరప చేనిలో పూటంతయు నిదానముగా నడువవలెను. ఈ రెండు పనులకు ఒకే మరపు పనికిరాదు. పాలపళ్ళు రాలని కోడెను పందెపు బరువునకు కట్టుట మాకు సమ్మతము కాదు.

బండికి గాని బరువునకు గాని కట్టు పశువుల రక్షణకై 1965లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. పశువును తోలుటకు మొనగల కర్రను వాడుట వాని ప్రకారము నిషిద్ధము. దినమునకు మొత్తము 9 గంటలకు మించి, విరామము లేకుండ 5 గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటు చోట్ల పగలు 12 మొదలు 3 గంటల వరకు బండికి, బరువునకు కట్టరాదు. శివరాత్రి దాటి చేలు ఖాళీ అయిన పిదప కోడెలను మరపుటకు తీరిక దొరకును గాని, పల్నాటి ఎండలు అప్పటికే ముదురును. తెల్లవారుజామున కాడి ఎత్తి, ఎండ ఎక్కక ముందే దింపి, నీరు పెట్టి, మెడను తడిగుడ్డతో తుడిచి నీడన కట్టవలెను.