కొలువూ... కొట్లాటా!

పొద్దంతా ఉద్యోగం. పొద్దుగూకాక ఊరి పని. మొదట్లో ఉన్న ఊపు ఏడాది తిరిగేసరికి ఏమవుతుంది? ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లు ఎలా నిలబడ్డారు?

నిజామాబాద్ జిల్లా కోటగిరి నుంచి పొద్దున్నే బాన్సువాడకో, బోధన్‌కో, నిజామాబాద్‌కో కొలువుకు పోయి చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషికి ఊరి కష్టాలు తెలియక కాదు. వీధి దీపం వెలగట్లేదనీ, బీడీలు చుట్టే ఇంట్లో ఆడపిల్ల బడి మానేసిందనీ తెలుసు. ఉండబట్టలేక సంఘంలో చేరతాడు. ప్రతి ధర్నాకూ హాజరు. కొన్నాళ్లకు ఇంట్లో సణుగుడు, ఆఫీసులో మెమో భయం, సంఘం వాట్సాప్ గ్రూపు మోగితే విసుగు. ఓ రోజు చెప్పాపెట్టకుండా మానేస్తాడు. అతని చిత్తశుద్ధిని శంకించనక్కర్లేదు. పని నెత్తికెత్తుకున్న తీరులోనే తిరకాసు ఉంది.

తెలిసిన పనితోనే...

వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథం, క్లినిక్ నడుపుతూనే పౌరహక్కుల సంఘంలో పనిచేశారు. 1985 సెప్టెంబరు 3న ఆయన్ని కాల్చి చంపారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ 1983లో అదే సంఘానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1985లో కొలువు వదులుకోవాల్సి వచ్చింది. ఇలాంటివాళ్లను తలచుకుని ‘అంత మనవల్ల అయ్యేనా’ అని జంకుతాం. కానీ అంత మూల్యం అడగని పనులు బోలెడు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ తరఫున రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికులను బడిబాట పట్టించారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుల లెక్కే అన్నది ఆ సంస్థ సూత్రం. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. సర్కారు బడి టీచర్లు కూడా బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఈ పనిలో కలిశారు. బడి మానేసిన పిల్ల ఎవరో టీచరుకు హాజరుపట్టీ చూడగానే తెలుస్తుంది. రోజూ చేసే పనికి దగ్గరగా ఉన్న ఉద్యమం అదనపు బరువు అనిపించదు.

కూలి చేసి వచ్చాకే

ఉద్యమాలకు తీరిక ఉన్నవాళ్లే కావాలన్న మాటను నెల్లూరు జిల్లా దూబగుంట ఎప్పుడో తోసిపుచ్చింది. పగలంతా కూలికి పోయి, రాత్రి అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే 1992లో సారా మీద తిరగబడ్డారు. ఉద్యమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మద్యనిషేధమూ అమలైంది. వాళ్లకు సీఎల్‌లు లేవు, ఈఎల్‌లు లేవు. శత్రువు కళ్లెదుటే ఉన్న సారా దుకాణం. అది మూతపడితే గెలుపూ కళ్లెదుటే. పక్కన పదిమంది తోటి ఆడవాళ్లు. ఎదుట గెలుపూ, పక్కన తోడూ ఉంటే అలసిన ఒంటికీ ఓపిక వస్తుంది.

ఒక్క కాగితం చాలు

ధర్నాకు సెలవు దొరకనివారికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద ‘పౌర సమాచార అధికారి, గ్రామ పంచాయతీ’ అని రాసి, ‘గత ఏడాది వీధి దీపాలకు ఎంత ఖర్చయింది? బిల్లుల నకళ్లు ఇవ్వగలరు’ అని అడగొచ్చు. పంచాయతీలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. తీసుకున్నట్టు రసీదు మాత్రం మరవొద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. రాజకీయ కార్యకలాపాలకు దూరంగా ఉండాల్సిన సర్కారు ఉద్యోగి కూడా పౌరుడిగా ఈ కాగితం పెట్టుకోవచ్చు.

వంతులవారీగా

1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నీళ్లు కాలువల్లో ఏడాదంతా పారవు. తడులుగా వదులుతారు. మధ్యలో కాలువ ఎండినా పైరు పండుతుంది. కార్యకర్తలకూ ఆ లెక్కే వర్తిస్తుంది. ఈ నెల దరఖాస్తులు ఒకరు చూస్తే, వచ్చే నెల మరొకరు. పరీక్షలున్న పిల్లల తండ్రికి ఆ నెల సెలవు. సెలవు తీసుకున్నవాణ్ని ద్రోహిలా చూడటం మానితేనే తిరిగొస్తాడు.

చేరేవాళ్లు కూడా మొదటిరోజే తేల్చిచెప్పాలి: వారానికి ఇన్ని గంటలు, ఈ ఒక్క పని. సంఘాలు ఆ మాటను గౌరవించాలి. ఆదివారం ఇస్తానన్నవాణ్ని ఏడు రోజులూ అడిగితే, ఆ ఆదివారం కూడా దక్కదు.