కాంతితంతువుల విపణి – విశ్లేషకుని వృత్తి

విపణి విశ్లేషకుడన్న పేరు మన విద్యార్థినీ విద్యార్థులకు కొత్తగా తోచవచ్చును గాని, ఆ పని బందరు రేవుకు కొత్త కాదు. 17వ శతాబ్దంలో డచ్చివారు, 1611 నుండి ఆంగ్లేయులు ఇచ్చట వర్తకస్థానాలు నెలకొల్పినప్పుడు, ఏ అద్దకపు బట్ట ఏ ద్వీపంలో చెల్లునో, ఏది గిడ్డంగిలో మిగిలిపోవునో అంచనా కట్టి జాబులు వ్రాయుట వారి ఉద్యోగుల విధులలో ఒకటి. నేడు అదే పనిని కాంతితంతువుల వ్యాపారంలో చేయువాని గురించి ముచ్చటించదలచినాము.

గాజును తగినంత శుద్ధి చేసినచో సన్నని పోగు గుండా కాంతిరూపంలో వార్తలను దూరతీరాలకు పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో నిరూపించాడు. అందుకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. తరువాత ఒకే పోగులో అనేక వర్ణాల కాంతిని ఏకకాలంలో పంపే విద్య అలవడింది. ఎన్ని మైళ్ల తీగ పడినది, అందులో ఎంత వెలుగుచున్నది, రాబోయే ఏట లేజర్లను ఎవరు కొందురు అన్నవి విశ్లేషకుని ప్రశ్నలు. సంస్థల ఆదాయనివేదికలను, టెండర్లను చదివి, ఇంజనీర్లను విచారించి అతడు వ్రాసిన నివేదికను నమ్మి తయారీదారులు, బ్యాంకులు ధనం వెచ్చిస్తారు.

ఆ నమ్మకం వమ్మైన ఉదాహరణ ఒకటి ఉన్నది. అంతర్జాల రద్దీ 100 దినాలకొకసారి రెట్టింపగుచున్నదన్న మాట 1990ల చివర అమెరికాలో వ్యాపించింది. అనగా ఏడాదికి 12 రెట్లు! ఆండ్రూ ఒడ్లిజ్కో, తన సహచరునితో కలిసి లెక్కలు తీసి, వృద్ధి ఏడాదికి రెట్టింపు మాత్రమేనని 1998లోనే చూపాడు. వినినవారు తక్కువ. పాతిన తంతువులలో అధికభాగం చీకటిలో మిగిలిపోయింది. 2002 జూలైలో వరల్డ్‌కామ్ దివాలా తీసింది. ఉద్యోగాలు పోయిన సామాన్యులకు ఆ తప్పుడు అంకె ఏనాడూ కనబడి ఉండదు.

మన రాష్ట్రంలో 2015లో ఏర్పడిన ఫైబర్‌నెట్ సంస్థ తంతువును చాలవరకు విద్యుత్ స్తంభాల మీదుగా లాగింది. చౌక, త్వరితం. అయితే 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగినవారు స్తంభానికి వ్రేలాడు తీగ ఖర్చును వేయునప్పుడు, తుఫాను తరువాతి మరమ్మతును కూడ కలుపుకొందురు. అట్టి స్థానికజ్ఞానం విశ్లేషకునికి పెద్ద పెట్టుబడి.

ఇక కూచిపూడినే చూడుడు. విదేశాలలోని పిల్లలు అంతర్జాలం ద్వారా ఆ నాట్యం నేర్చుకొంటున్నారు. కనుక ఇంకా వెడల్పైన మార్గం అమ్ముడుపోవునని వ్యాపారి అనవచ్చు. కాని గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. 13,000 కిలోమీటర్ల దూరానికి పోయి వచ్చుటకే సెకనులో ఎనిమిదవ వంతుకు పైగా పట్టును. గురువు తాళం వేసిన క్షణానికి శిష్యురాలి అడుగు పడినట్లు కనబడదు. ద్రుతకాలంలో ఆ ఎడం మరింత బాధిస్తుంది. ఎంత సామర్థ్యం కొన్నను ఈ జాప్యం తీరదు. సామర్థ్యం వేరు, జాప్యం వేరు అని తెలియనివాడు ఇచ్చట తప్పుడు జోస్యం చెప్పును.

ఈ వృత్తికి భౌతికశాస్త్రం లేదా ఎలక్ట్రానిక్సు పునాది; పైన గణాంకశాస్త్రం, అర్థశాస్త్రం ఉండవలె. స్పష్టంగా వ్రాయగల నేర్పు లేనిచో ఇవన్నీ వ్యర్థమని భాషోపాధ్యాయులమైన మేము కొంత స్వార్థంతోనే చెప్పుచున్నాము. ఆసక్తి గలవారు సెలవులలో తమ గ్రామంతోనే అభ్యాసం ప్రారంభించవచ్చు: ఎన్ని ఇండ్లకు తీగ వచ్చినది, ఎందరు నెలనెలా చెల్లిస్తున్నారు, మానివేసినవారు ఎందుకు మానినారు, గాలివాన తరువాత ఎన్నాళ్లకు బాగుచేసినారు. ఇంటింటికి తిరిగి అడిగి వ్రాసుకొనవలె.