గేమింగ్ యాప్‌లో గెలిచిన డబ్బుకు ట్యాక్స్: పోయింది తీసేసి చూపించొచ్చా?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. కేంద్రం కూడా 2025 ఆగస్టులో చట్టం చేసింది. యాప్ డిలీట్ చేసేశారు సరే, మరి అంతకుముందు అకౌంట్‌లో పడ్డ డబ్బు సంగతేంటి? ట్యాక్స్ కట్టాల్సిందే.

రావికమతం నుంచి బెంగళూరు వెళ్లి పనిచేస్తున్న ఒక కుర్రాడు 2025 మేలో రమ్మీ యాప్‌లో 20,000 రూపాయలు వేసి, 50,000 విత్‌డ్రా చేశాడనుకుందాం. వాలెట్‌లో ముందూ వెనకా ఏమీ లేదు. నికర గెలుపు 30,000. సెక్షన్ 115బీబీజే ప్రకారం 30 శాతం, అంటే 9,000. దానిపై 4 శాతం సెస్ 360. మొత్తం 9,360 రూపాయలు. జీతం తక్కువైనా ఇంతే, బేసిక్ లిమిట్ దీనికి వర్తించదు.

అసలు చిక్కు ఇక్కడే. అదే కుర్రాడు ఇంకో యాప్‌లో 30,000 పోగొట్టుకుంటే? చేతిలో మిగిలింది సున్నా. అయినా ఆ నష్టాన్ని ఈ గెలుపులోంచి గానీ, జీతంలోంచి గానీ తగ్గించుకోలేడు. వచ్చే ఏడాదికీ మోయలేడు.

రిటర్న్ వేసేటప్పుడు ఇలా చేయండి:

• యాప్ కట్ చేసిన టీడీఎస్ ఎంతో ఫారం 26ఏఎస్, ఏఐఎస్‌లలో చూసుకోండి.
• ఐటీఆర్-1 పనికిరాదు. ఉద్యోగులైతే ఐటీఆర్-2 వేయండి.
• గెలుపును ‘ఇతర ఆదాయం’ కింద చూపించి, కట్ అయిన టీడీఎస్‌ను క్లెయిమ్ చేసుకోండి.
• డిపాజిట్, విత్‌డ్రా స్టేట్‌మెంట్లు దాచుకోండి.

టీడీఎస్ మీ పాన్ మీదే నమోదవుతుంది. దాచినా దాగదు.