నాలుగు రాళ్లు, కాస్త బేకన్: పిల్లలకు ఇంగ్లిష్ జాతీయాలు వచ్చేదెలా?



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మా ఇంగ్లిష్ టీచర్లు తరచూ వినే మాట ఒకటుంది: "మాకు ఇంగ్లిష్ అంతగా రాదండీ. ఇంట్లో మేమేం సాయం చేయగలం?" గ్రామర్ సంగతి ఎలా ఉన్నా, ఒక పాఠంలో మాత్రం మీరు చేయి కలపకపోతే మా పని సగంలోనే ఆగిపోతుంది. అదే ఇడియమ్స్, అంటే జాతీయాల పాఠం.

ఆరో తరగతి పాప ఒకరు పరీక్ష ముందు రోజు గురించి రాస్తూ 'ట్రైన్స్ వర్ రన్నింగ్ ఇన్ మై హార్ట్' అని రాసింది. చదివి వినిపించగానే క్లాసంతా నవ్వింది, పాప తల దించుకుంది. నిజానికి ఆమె ఆలోచనలో తప్పు లేదు. 'గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి' అనే చక్కటి తెలుగు మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి దించింది, అంతే. అలాంటి సమయంలో ఇంగ్లిష్ వాళ్లు 'ఐ హ్యాడ్ బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్' అంటారు. మనకు గుండెల్లో రైళ్లు, వాళ్లకు కడుపులో సీతాకోకచిలుకలు. ఈ ముక్క చెప్పాక నవ్విన పిల్లలే ఆ రెండు మాటలూ నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

జాతీయానికి మాటకు మాట అర్థం ఉండదు. మొత్తం కలిపి ఒకే అర్థం ఉంటుంది. ఈ సంగతి తెలుగులో మన పిల్లలకు ఇప్పటికే తెలుసు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మాంసం మాటలు, వేరే అర్థాలు

'బ్రింగ్ హోమ్ ద బేకన్' అనే మాట చూడండి. బేకన్ అంటే ఉప్పు పట్టించి నిల్వ చేసిన పంది మాంసం. కానీ ఈ మాటకు అర్థం సంపాదించి ఇల్లు నడపడం. మనం 'నాలుగు రాళ్లు సంపాదించడం' అంటాం. ఇంటికి ఎవరూ రాళ్లు మోసుకురారు, అక్కడ ఎవరూ మాంసం మోసుకురానక్కర్లేదు.

'ఐ హ్యావ్ బిగ్గర్ ఫిష్ టు ఫ్రై' అంటే నాకు ఇంతకంటే ముఖ్యమైన పని ఉందని. 'చికెన్ అవుట్' అంటే భయపడి వెనక్కి తగ్గడం, మన 'తోక ముడవడం'. 'కోల్డ్ టర్కీ' అంటే ఒక అలవాటును కొంచెం కొంచెంగా కాకుండా ఒక్కసారిగా మానేయడం. 'బీఫ్ అప్ ద సెక్యూరిటీ' అని న్యూస్‌పేపర్లో కనిపిస్తే భద్రత పెంచారని అర్థం.

కొందరు తల్లిదండ్రులు మొహమాటపడుతూ అడుగుతారు: "మేం శాకాహారులం. పాపకు ఈ మాటలన్నీ అవసరమా?" అడగవలసిన ప్రశ్నే. ఒక్కసారి మన తెలుగు గుర్తుచేసుకోండి. గుడ్డు ముట్టని ఇంట్లో కూడా 'కోడిగుడ్డుకు ఈకలు పీకొద్దు' అంటాం. చీమకు కూడా హాని చేయని తాతయ్య 'ఒకే దెబ్బకు రెండు పిట్టలు' అంటారు. జాతీయం మాటల్లోనే ఉంటుంది, కంచంలోకి రాదు. పాప ఈ మాటలను తను వాడకపోయినా ఫర్వాలేదు. కథలోనో వార్తలోనో ఎదురైనప్పుడు అర్థం తెలిస్తే చాలు.

ఇంకో విషయం. పాత ఇంగ్లిష్‌లో 'మీట్' అంటే ఏ ఆహారమైనా సరే. అందుకే మిఠాయికి 'స్వీట్‌మీట్' అనే పేరు వచ్చింది. 'వన్ మ్యాన్స్ మీట్ ఈజ్ అనదర్ మ్యాన్స్ పాయిజన్' అనే సామెతలోనూ మీట్ అంటే తిండే. ఒకరికి నచ్చింది మరొకరికి పడదని దాని భావం.

జంతువుకు ఒక పేరు, దాని మాంసానికి మరో పేరు ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చినవారు ఇంగ్లండ్‌ను జయించారు. పశువులను పెంచే రైతుల నోట పాత ఇంగ్లిష్ పేర్లు మిగిలాయి: కౌ, షీప్, పిగ్. ఫ్రెంచ్ మాట్లాడే దొరల భోజనం బల్ల మీది నుంచి బీఫ్, మటన్, పోర్క్ వచ్చాయి. మన దగ్గర మటన్ అంటే ఎక్కువగా మేక మాంసం. ఇంగ్లండ్‌లో గొర్రె మాంసమే.

రెండు భాషల్లో జంతువులు

కొన్ని జాతీయాలు రెండు భాషల్లోనూ దాదాపు ఒక్కటే. వీటితో మొదలుపెడితే పిల్లలకు ధైర్యం వస్తుంది.

• 'క్రోకోడైల్ టియర్స్': మొసలి కన్నీరు
• 'బార్కింగ్ డాగ్స్ సెల్డమ్ బైట్': మొరిగే కుక్క కరవదు
• 'బెల్ ద క్యాట్': పిల్లి మెడలో గంట కట్టడం
• 'సోర్ గ్రేప్స్': అందని ద్రాక్ష పుల్లన (ఈసప్ కథలోని నక్క మాట)

మరికొన్నింటిలో భావం ఒకటే, బొమ్మ వేరు. 'వుల్ఫ్ ఇన్ షీప్స్ క్లోతింగ్'లో తోడేలు గొర్రె తోలు కప్పుకుంటుంది. మన దగ్గర అది మేకవన్నె పులి. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' మన కుండపోత వాన. 'డోంట్ కౌంట్ యువర్ చికెన్స్ బిఫోర్ దే హ్యాచ్' అని వాళ్లంటే, 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని మనం నవ్వుతాం.

జాగ్రత్త పడాల్సినవి మూడో రకం. పైకి జంటలా కనిపిస్తాయి కానీ పూర్తిగా కలవవు. 'వాటర్ ఆఫ్ ఎ డక్స్ బ్యాక్' అంటే బాతు వీపు మీద నీళ్లు. వినగానే మనకు 'దున్నపోతు మీద వాన' గుర్తొస్తుంది. కానీ మనం ఆ మాట ఎంత చెప్పినా చలనం లేనివాడిని తిట్టడానికి వాడతాం. ఇంగ్లిష్ మాటను మాత్రం విమర్శలకు కుంగిపోని మనిషిని మెచ్చుకోవడానికీ వాడవచ్చు. అలాగే ఇంగ్లిష్ కథల్లో గుడ్లగూబ తెలివికి గుర్తు, మన పల్లెల్లో అది అపశకునం. ఇలాంటి తేడాలు డిక్షనరీ చూస్తే పూర్తిగా అర్థం కావు. ఎవరితోనైనా మాట్లాడితేనే తెలుస్తాయి.

పిల్లలు చేసే మూడు పొరపాట్లు

ఒకటి, మాటలు మార్చేయడం. బేకన్ బదులు చికెన్ పెట్టినా, 'డాగ్స్ అండ్ క్యాట్స్' అని తిప్పి రాసినా జాతీయం చెడిపోతుంది. 'చెవిలో పువ్వు' బదులు 'ముక్కులో పువ్వు' అంటే ఎలా ఉంటుందో అలా.

రెండు, సందర్భం చూడకపోవడం. 'యూ ఆర్ డెడ్ మీట్', అంటే 'నీ పని అయిపోయింది' అని ఫ్రెండ్‌తో సరదాగా అనవచ్చు. ప్రిన్సిపల్‌కు రాసే లెటర్‌లో 'ఐ హ్యావ్ ఎ బీఫ్' అని రాయకూడదు. అక్కడ 'కంప్లయింట్' అనే మాటే సరైనది.

మూడు, మార్కుల కోసం వ్యాసం నిండా కుక్కడం. కూరలో ఉప్పులా తగుమాత్రం చాలు. పేజీకి ఒకటి సరైన చోట పడితే చదివేవారికి హాయిగా ఉంటుంది.

భోజనాల దగ్గర పది నిమిషాలు

వంద జాతీయాల లిస్టు బట్టీ పట్టించకండి. వారానికి మూడు చాలు. ఈ వ్యాసంలోని మాటలన్నీ ఎదుటి పేజీలో ఇంగ్లిష్ లిపిలో ఇచ్చాం. పాపనో బాబునో ఒకటి చదవమనండి.

1. ముందు మాటకు మాట తెలుగులో చెప్పమనండి. బొమ్మ గీసినా సరే. నవ్వు రావాలి.
2. అసలు అర్థం ఏమై ఉంటుందో ఊహించమనండి. తర్వాత పుస్తకంలో సరిచూసుకోవాలి.
3. "తెలుగులో దీన్ని ఏమంటారు?" అని అమ్మమ్మనో, నానమ్మనో, తాతయ్యనో అడగమనండి. ఊళ్లో ఉంటే ఫోన్ చేయించండి.
4. చివరగా తన సొంత అనుభవంతో ఒక వాక్యం రాయమనండి. 'ఐ చికెన్డ్ అవుట్ ఆఫ్ ద స్విమ్మింగ్ కాంపిటిషన్' అని నిజంగా జరిగింది రాసిన బిడ్డ ఆ మాటను మరిచిపోడు.

జంట దొరకకపోతే బలవంతంగా వెతకకండి. 'కోల్డ్ టర్కీ'కి మన దగ్గర సరిజోడు లేకపోతే లేదు. 'ఒక్కసారిగా మానేయడం' అని మామూలుగా చెప్పుకుంటే సరిపోతుంది.

మూడో మెట్టే మాకు అన్నింటికంటే ముఖ్యం. మేకవన్నె పులి, దున్నపోతు మీద వాన, నాలుగు రాళ్లు లాంటి మాటలు ఇంట్లో వినని పిల్లలు మా క్లాసుల్లో ఏటా పెరుగుతున్నారు. వాళ్లకు ఇంగ్లిష్ జాతీయం చెప్పాలంటే పక్కన పెట్టి చూపడానికి ఇంకో మాట ఉండటం లేదు. ఇంగ్లిష్ కోసమని ఇంట్లో తెలుగు తగ్గించిన తల్లిదండ్రులు దయచేసి ఈ సంగతి ఆలోచించండి.

వచ్చే మీటింగ్‌కు పిల్లల జాతీయాల నోట్‌బుక్ వెంట తీసుకురండి. ఎడమ పేజీలో ఇంగ్లిష్, కుడి పేజీలో తెలుగు. కుడి పేజీ నింపడం మీ ఇంటివాళ్ల వంతు.