డబ్బడిగితే ఏజెంటు కాడు!

తిరువూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి కృష్ణానగర్ చేరడమూ కష్టం కాదు. ఆ తర్వాత ఎవరి తలుపు తట్టాలన్నదే అసలు చిక్కు. కాలేజీ వార్షికోత్సవంలో ఈలలు వేయించుకున్న కుర్రాడికి ‘ఏజెంటు దొరికితే చాలు, చాన్సొచ్చేస్తుంది’ అనిపిస్తుంది. సరిగ్గా అలాంటివాళ్ల కోసమే కొందరు కాచుక్కూర్చుంటారు.

ఎవరి పనేంటి?

పెళ్లి, జాతర, కాలేజీ సన్నివేశాలకు జనాన్ని సమకూర్చేవారు జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్లు. అక్కడ రోజుకింత అని కూలి దక్కుతుంది. పేరున్న నటుల డేట్లు, పారితోషికం చూసుకునేది మేనేజర్లు. పాత్రకు తగ్గ మనిషిని వెతికేది కాస్టింగ్ డైరెక్టర్. చిన్న పాత్రల ఎంపికలో కో డైరెక్టర్ల మాట కూడా చెల్లుతుంది. చేతిలో ఒక్క సినిమా కూడా లేని కొత్తవారికి మేనేజర్ చూసిపెట్టాల్సిన డేట్లేం ఉంటాయి? అందుకే ముందు తట్టాల్సింది ఆడిషన్లు చేసేవారి తలుపు. మేనేజర్ అవసరం పని మొదలయ్యాకే.

మనవాళ్లు వచ్చిన దారి

నాటకాలాడే అక్కినేనిని నిర్మాత ఘంటసాల బలరామయ్య చూసింది బెజవాడ రైల్వేస్టేషన్లో. 1944లో ‘శ్రీ సీతారామ జననం’తో ఆయన్ను హీరోను చేశారు. 1965లో వచ్చిన ‘తేనెమనసులు’ కోసం ఆదుర్తి సుబ్బారావు పత్రికల్లో ప్రకటన ఇచ్చి కొత్తవారిని ఎంచుకున్నారు. హీరో కృష్ణ అలా వెలుగులోకి వచ్చినవారే. 2007లో ‘హ్యాపీడేస్’ కోసం శేఖర్ కమ్ముల కొత్త ముఖాలను వెతికి పట్టుకున్నారు. ముందు నటన ఎవరి కంటైనా పడాలి. నాటకమైనా, షార్ట్ ఫిల్మ్ అయినా అందుకు పనికొస్తాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మేకప్ లేకుండా ముఖం, పక్కవాటం, నిలువెత్తు ఫొటోలు. పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెబుతూ ఓ నిమిషం వీడియో. రెండు భిన్నమైన పాత్రల్లో నటించిన చిన్న ముక్కలు. వీటికి సెల్‌ఫోన్, కిటికీ దగ్గరి వెలుతురు సరిపోతాయి. ‘మా స్టూడియోలోనే ఫొటోలు దిగాలి’ అని ఎవరైనా పట్టుబడితే అనుమానించాల్సిందే.

అసలు, నకిలీ తేడా

నిజమైన ఏజెంటు మీరు సంపాదించాక అందులో కమీషన్ తీసుకుంటాడు. హాలీవుడ్‌లో నటుల యూనియన్ నిబంధనల ప్రకారం అది 10 శాతానికి మించకూడదు. రిజిస్ట్రేషన్, డిపాజిట్, ‘హీరో పక్కన పాత్ర ఖాయం’ అంటూ ముందే చెయ్యి చాపేవాడి వ్యాపారం సినిమా కాదు, మీరే. ఆడిషన్‌కు పిలిస్తే సినిమా పేరు, నిర్మాణ సంస్థ పేరు అడగండి. ఆ సంస్థ ఆఫీసుకే ఫోన్ చేసి నిర్ధారించుకోండి. హోటల్ గదికి, రాత్రివేళ రమ్మంటే వెళ్లొద్దు. ఆడపిల్లలైనా మగపిల్లలైనా ఇంట్లోవారిని వెంటబెట్టుకెళ్లడంలో నామోషీ లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ఒప్పందంపై సంతకానికి ముందు కమీషన్ ఎంత, ఎన్నేళ్లు, మధ్యలో మానుకుంటే ఏమిటన్న మూడు సంగతులూ చదవాలి. మామిడితోట కౌలుకిస్తేనే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి కాగితం రాసుకుంటాం. బిడ్డ భవిష్యత్తు విషయంలో ఆ మాత్రం జాగ్రత్త అక్కర్లేదా?