సముద్రం పక్కన సొంత ఇల్లు.. అదీ కారు రేటుకే! ఫ్రాన్స్‌లో మొబైల్ హోమ్ కొనాలంటే ముందు ఈ మెలిక తెలుసుకోండి

రెండు బెడ్‌రూంలు, చిన్న కిచెన్, షవర్, బయట కూర్చోడానికి చెక్క వరండా. పది నిమిషాలు నడిస్తే బీచ్. ధర 15 వేల యూరోలు. యూరోని వంద రూపాయల లెక్కన వేసుకున్నా 15 లక్షలే. ఈ డబ్బుకి హైదరాబాద్ శివార్లలో మంచి ప్లాట్ దొరకడమే కష్టం. అలాంటిది ఫ్రాన్స్‌లో, సముద్రం పక్కన ఇల్లా?

బ్రిటన్ వాళ్లు, డచ్ వాళ్లు దశాబ్దాలుగా ఇవి కొంటూనే ఉన్నారు. లండన్, మాంచెస్టర్‌లో ఉంటూ ప్రతి వేసవికీ పిల్లల్ని తీసుకుని యూరప్ వెళ్లే తెలుగు కుటుంబాలకి కూడా ఇది ఆశ పుట్టించే బేరమే. హోటల్ వెతుక్కునే పని లేదు. వంట సామాను, పిల్లల సైకిళ్లు అక్కడే పెట్టేసి రావొచ్చు. ఏటా అదే ఊరు, అదే పక్కింటివాళ్లు.

కానీ ఒక్క విషయం. మీరు కొనేది ఇల్లు కాదు. ఫ్రాన్స్ చట్టం దృష్టిలో అదో బండి.

చక్రాలుంటాయి.. రోడ్డెక్కకూడదు!

ఫ్రాన్స్ పట్టణ ప్రణాళిక చట్టంలో మొబైల్ హోమ్‌కి ఇచ్చిన నిర్వచనం చదివితే నవ్వొస్తుంది. అది నివసించడానికి వీలైన వాహనం. సెలవుల్లో, తాత్కాలికంగా ఉండటానికి మాత్రమే. లాక్కెళ్లడానికి వీలుగా దాని చక్రాలు, కొక్కెం అలాగే ఉంచాలి. అదే సమయంలో దాన్ని రోడ్డు మీద మామూలుగా తిప్పడానికి ట్రాఫిక్ చట్టం ఒప్పుకోదు. అంటే కదలగలిగేలా ఉండాలి.. కానీ కదలకూడదన్నమాట!

దీని వల్ల కొన్ని లాభాలున్నాయి. స్థిరాస్తి కాదు కాబట్టి నోటరీ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. పెద్ద రిజిస్ట్రేషన్ ఖర్చు ఉండదు. ఒక అమ్మకం రసీదు, సంతకం, డబ్బు.. మధ్యాహ్నానికల్లా తాళం చేతికొచ్చేస్తుంది. సైజు కూడా చిన్నదే. గరిష్ఠంగా 40 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 48 గజాలు.

నష్టం కూడా ఇందులోనే ఉంది. నోటరీ లేడంటే, అమ్మేవాడు నిజంగా ఓనరేనా, బాకీలు ఏమైనా ఉన్నాయా అని మీ తరఫున చూసేవాడూ లేడని అర్థం. అది మీరే చూసుకోవాలి.

నేల మనది కాదు

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మొబైల్ హోమ్‌ని ఎక్కడ పడితే అక్కడ పెట్టడానికి లేదు. అనుమతి ఉన్న క్యాంపు సైట్లు, హాలిడే పార్కుల్లోనే పెట్టాలి. ఓ ముక్క స్థలం కొనుక్కుని అందులో పెట్టుకుందాం అనుకుంటే మామూలుగా కుదరదు.

కాబట్టి బండి మీది, అది నిలబడిన జాగా సైట్ ఓనర్‌ది. ఆ జాగాకి ఏటా అద్దె కట్టాలి. 2 వేల నుంచి 6 వేల యూరోల దాకా ఉండటం మామూలే. మధ్యధరా తీరంలో స్విమ్మింగ్ పూల్, వాటర్ స్లైడ్లు ఉన్న పెద్ద సైట్లలో ఇంకా ఎక్కువ ఉంటుంది. మీరు వెళ్లినా, వెళ్లకపోయినా కట్టాల్సిందే. కరెంటు, నీళ్లు, ఇన్సూరెన్స్ వేరే.

ఈ అద్దె ఒప్పందం సాధారణంగా ఏడాదికో, రెండేళ్లకో రాస్తారు. గడువు అయిపోయాక మళ్లీ రాస్తారన్న గ్యారంటీ లేదు. చాలా సైట్లు బండి వయసు కూడా చూస్తాయి. పదేళ్లో, పదిహేనేళ్లో దాటితే పాతబడిందని, తీసేసి కొత్తది పెట్టుకోమని అడుగుతాయి. పైన చెప్పిన 15 వేల యూరోల బండి వయసు ఇప్పటికే ఎనిమిదేళ్లు అనుకోండి. అప్పుడు అది చవక బేరమా, కాదా?

పైగా చాలా క్యాంపు సైట్లు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకానే తెరిచి ఉంటాయి. క్రిస్మస్ సెలవులకి వెళ్దాం అంటే గేటుకి తాళం. దాన్ని శాశ్వత చిరునామాగా వాడుకోవడం కూడా కుదరదు.

లెక్క వేస్తే ఎంతవుతుంది?

ఉదాహరణకి ఒక కొత్త మొబైల్ హోమ్ 30 వేల యూరోలకి కొన్నారు. జాగా అద్దె ఏటా 4,500. ఇన్సూరెన్స్, కరెంటు, చిన్నా చితకా రిపేర్లు కలిపి మరో 800. పదేళ్లలో అద్దె, ఖర్చులే 53 వేలు. కొన్న ధర కలిపితే 83 వేలు. చివర్లో 3 వేలకి అమ్ముడుపోయింది అనుకుందాం. నికరంగా 80 వేల యూరోలు.

ఏటా ఐదు వారాలు వాడితే పదేళ్లలో 50 వారాలు. అంటే వారానికి 1,600 యూరోలు! పది వారాలు వాడితే 800. జూన్‌లోనో సెప్టెంబర్‌లోనో అదే సైట్‌లో అలాంటి మొబైల్ హోమే వారానికి కొన్ని వందల యూరోలకి అద్దెకి దొరుకుతుంది. ఆగస్టులో రేట్లు బాగా పెరుగుతాయి, నిజమే. అయినా ఏడాదికి రెండు మూడు వారాలు మాత్రమే వెళ్లేవాళ్లకి కొనడం కంటే అద్దెకి తీసుకోవడమే చవక. పిల్లల స్కూల్ సెలవులు, ఆఫీసు లీవులు చూసుకుంటే ఎన్ని కుటుంబాలు ఏడాదికి పది వారాలు వెళ్లగలవు?

"మిగతా రోజులు అద్దెకిస్తే ఖర్చు వచ్చేస్తుంది" అని సేల్స్ ఆఫీసులో చెబుతారు. కొన్నిచోట్ల నిజంగానే ఇస్తారు. కానీ సైట్ కమీషన్ తీసుకుంటుంది, క్లీనింగ్ ఖర్చుంటుంది, ఫ్రాన్స్‌లో పన్ను లెక్క ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా అద్దె బాగా వచ్చేది జులై, ఆగస్టులోనే. మీ పిల్లలకి సెలవులు ఉండేదీ అప్పుడే.

ఇల్లు ఉన్నంత మాత్రాన వీసా రాదు

బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కూడా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లో అయినా 90 రోజులకి మించి ఉండకూడదు. అంతకంటే ఎక్కువ ఉండాలంటే లాంగ్ స్టే వీసా తప్పనిసరి. రిటైరై ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడే గడుపుదాం అనుకున్న చాలామందికి ఈ రూల్ గట్టి దెబ్బ. 2025 అక్టోబర్ 12 నుంచి వేలిముద్రలు, ఫోటోతో రాకపోకలు నమోదు చేసే కొత్త వ్యవస్థ కూడా మొదలైంది. స్టాంపులు లెక్కపెట్టే రోజులు పోయాయి, కంప్యూటరే లెక్కపెడుతుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి అసలు వీసా లేకుండా ప్రవేశమే లేదు. బ్రిటన్‌లో ఉద్యోగం ఉన్నా ఇదే రూల్. మొబైల్ హోమ్ కాగితాలు చూపించినంత మాత్రాన వీసా ఇవ్వరు. మన దేశంలో ఉండే భారతీయులకి 2024 ఏప్రిల్‌లో ఈయూ కొంత వెసులుబాటు ఇచ్చింది. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడితే రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసాకి అవకాశం ఉంటుంది. అక్కడా 90 రోజుల పరిమితి మామూలే.

ఇక్కడి నుంచే డబ్బు పంపి కొనాలనుకుంటే ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. అయితే ఇలాంటి అవసరాలకి పంపేది 10 లక్షల రూపాయలు దాటితే, ఆ పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ పట్టుకుంటారు. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుపోయినట్టే. రిటర్న్‌లో విదేశీ ఆస్తుల వివరాలు కూడా చూపించాలి.

వదిలించుకోవడం అంత ఈజీ కాదు

కొనడం మధ్యాహ్నంలో అయిపోతుంది అన్నాం కదా. అమ్మడం అలా కాదు. బండి అమ్మినా జాగా ఒప్పందం కొన్నవాళ్లకి దానంతటదే బదిలీ కాదు, సైట్ ఒప్పుకోవాలి. చాలాచోట్ల అమ్మిన ధరలో కమీషన్ కూడా అడుగుతారు. సైట్ వద్దంటే బండిని వేరే చోటికి తరలించాలి. అంత వెడల్పైన బండిని లారీ మీద ఎక్కించి, ప్రత్యేక రవాణా అనుమతితో తీసుకెళ్లాలి. పాత బండి విలువ కంటే ఈ ఖర్చే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. పైగా పాతదాన్ని కొత్త సైట్ వాళ్లు రానివ్వాలి కదా!

ప్రకృతి సంగతీ చూసుకోవాలి. 2022 జులైలో ఫ్రాన్స్ నైరుతి తీరంలో, పిలా ఇసుక దిబ్బ దగ్గర అడవి అంటుకుంది. దాదాపు 6 వేల మంది పర్యాటకుల్ని రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు. ప్రాణనష్టం జరగలేదు. కానీ అక్కడి క్యాంపు సైట్లు చాలావరకు బూడిదయ్యాయి. చెట్ల నీడలో ఉన్న సైట్ చూడ్డానికి ఎంత బాగున్నా, ఇన్సూరెన్స్‌లో అగ్నిప్రమాదం, వరద రెండూ ఉన్నాయో లేదో చూడాల్సిందే.

ఇన్ని తెలిసీ కొనాలనిపిస్తే కొనొచ్చు. ఏటా రెండు మూడు నెలలు నిజంగా అక్కడ గడపగలిగే రిటైరైన జంటలకి ఇది లాభమే. ముందుగా సైట్ ఆఫీసులో సమాచార పత్రం అడగండి. 2014 నాటి ఫ్రాన్స్ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, జాగాని ఏడాది లెక్కన అద్దెకిచ్చే సైట్లు దాన్ని సిద్ధంగా ఉంచాలి. అది ఫ్రెంచ్‌లో ఉంటే అనువాదం చేయించుకుని చదవండి. గత మూడేళ్లలో జాగా అద్దె ఎంత పెరిగిందో సేల్స్ వాళ్లని కాదు, అక్కడ ఇప్పటికే ఉంటున్నవాళ్లని అడగండి. బండి సీరియల్ నంబర్, తయారైన సంవత్సరం రసీదులో ఉన్నాయా, పాత ఓనర్ అద్దె బాకీ లేదని సైట్ రాసిచ్చిందా.. ఈ రెండూ చేతికొచ్చాకే అడ్వాన్స్ సంగతి మాట్లాడండి.