శేషాచలం చెట్లు: అపోహలు – వాస్తవాలు

తిరుమల కొండల చుట్టూ ఉన్న శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు 1989లో ఏర్పడింది. ఆ అడవిని రోజూ వేలమంది దాటి వెళ్తారు. అక్కడి చెట్ల గురించి మాత్రం వాస్తవాల కంటే వదంతులే ఎక్కువ తిరుగుతున్నాయి.

అపోహ: ఎర్రచందనం గంధపు చెట్టులో ఒక రకం.

కాదు. శ్రీగంధానిది వేరే కుటుంబం, అది పక్క చెట్ల వేళ్ల నుంచి నీరు, పోషకాలు లాక్కుని బతుకుతుంది. ఎర్రచందనం కంది, చిక్కుడు కుటుంబానిది, వేగిసకు దగ్గరి చుట్టం. చేవను ముక్కు దగ్గర పెట్టుకున్నా శ్రీగంధం వాసన రాదు. బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. దాని కింద పాలిపోయిన కర్ర, దానికీ లోపల ఎర్రటి చేవ. ఆ చేవ ముక్క నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. ఆ రంగు, ఆ గట్టితనం కోసమే చైనావాళ్లు దాన్ని ఖరీదైన ఫర్నిచర్‌కూ, జపాన్‌వాళ్లు షామిసెన్ వాద్యానికీ వాడుతున్నారు. అణు రియాక్టర్లలో రేడియేషన్‌ను ఆపడానికి కొంటారన్న మాటకు ఆధారమే లేదు. ఇలాంటి కథల వల్ల నష్టం ఉంది. దొంగరవాణా ఏదో సాహసగాథలా కనిపిస్తుంది. రాతినేలలో ఒక చెట్టు చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

అపోహ: ఎర్రచందనాన్ని సొంత పొలంలో పెంచినా కేసు పెడతారు.

పెంచుకోవచ్చు. కొట్టడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి కావాలి.

అపోహ: వేసవికి అడవి చచ్చిపోతుంది.

ఇది ఆకురాల్చే అడవి. ఆకులు రాల్చడం నీటిని కాపాడుకునే పద్ధతి. కొండగోగు అయితే ఒక్క ఆకూ లేని మోడు మీదే అరచేతి వెడల్పు పసుపు పూలు పూస్తుంది.

అపోహ: మదన కామాక్షి ఈతలాంటి మొక్క, దాని కంకి బలానికి మందు.

చూడటానికి ఈతమొక్కలా ఉన్నా దానికీ ఈతకూ సంబంధం లేదు. ఇది సైకస్ జాతి, పూలే పూయదు. తూర్పు కనుమల్లోని ఈ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మగ, ఆడ మొక్కలు వేరువేరు. మందు పేరుతో కోసేది మగ మొక్క కంకినే. పుప్పొడి ఉండేది అందులోనే కాబట్టి, అది పోతే ఆడ మొక్కకు గింజ పట్టదు. అంతరించిపోయే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం దీన్ని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చింది. ఎవరైనా ఆ కంకిని అమ్మజూపితే దయచేసి కొనకండి.